పాత ప్రాసెసరా, కొత్త ప్రాసెసరా? తరచుగా అడిగే ప్రశ్నలు

పాత డెస్క్‌టాప్‌ను అలాగే వాడుకోవాలా, ప్రాసెసర్ మార్చాలా అని అడిగేవాళ్లు దాదాపు అందరూ ఇవే సందేహాలతో వస్తున్నారు. అందుకే ఒకచోట చేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఉదాహరణలకు ఎక్కువగా రెండింటిని వాడాను: 2014లో వచ్చిన ఇంటెల్ కోర్ ఐ7-4790, 2022లో వచ్చిన కోర్ ఐ3-12100. రెండింటికీ నాలుగు కోర్లే (ప్రాసెసర్ లోపల పని చేసే భాగాలు), ఎనిమిది థ్రెడ్లే (అవి ఒకేసారి నడిపే పనుల వరసలు). అందుకే మధ్యలో ఏం మారిందో వీటిలో బాగా తెలుస్తుంది.

## ముందు మీ దగ్గర ఉన్నదేంటో చూసుకోండి

నా కంప్యూటర్‌లో ఏ ప్రాసెసర్ ఉందో ఎలా తెలుస్తుంది?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు కీలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కితే పైన కుడివైపు పూర్తి పేరు కనిపిస్తుంది. కింద కోర్లు, లాజికల్ ప్రాసెసర్లు ఎన్నో ఉంటాయి. లాజికల్ ప్రాసెసర్లంటే థ్రెడ్లే. మదర్‌బోర్డ్ మోడల్, ర్యామ్ రకం కూడా కావాలంటే సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. "నాది ఐ5 అండీ" అని చెబితే ఎవరూ ఏ సలహా ఇవ్వలేరు. ఆ తర్వాత వచ్చే నంబర్ కావాలి.

ఆ నంబర్‌ను ఎలా చదవాలి?

ఇంటెల్‌లో చివరి మూడు అంకెలు వదిలేస్తే ముందు మిగిలేది జనరేషన్. ఐ7-4790 అంటే 4వ జనరేషన్, ఐ3-12100 అంటే 12వది. చివర 'కె' ఉంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, అంటే కంపెనీ పెట్టిన వేగాన్ని దాటించుకోవచ్చు. 'ఎఫ్' ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డ్ తప్పనిసరి. 'టి' ఉంటే తక్కువ కరెంట్‌తో నడిచేది, వేగం కూడా కాస్త తక్కువే. 2024 అక్టోబర్‌లో వచ్చిన డెస్క్‌టాప్ కోర్ అల్ట్రా 200 సిరీస్ నుంచి 'ఐ' అక్షరం పోయింది.

ఏఎమ్‌డీ రైజెన్‌లో మొదటి అంకె సిరీస్‌ను చెబుతుంది, కానీ దాన్ని గుడ్డిగా నమ్మకండి. రైజెన్ 5 4500 మార్కెట్‌లోకి వచ్చింది 2022లో, లోపల ఉన్నది మాత్రం 2019 నాటి జెన్ 2 డిజైన్. చిప్‌లోనే ఉండే వేగవంతమైన చిన్న మెమరీ, అంటే ఎల్3 క్యాష్ కూడా బాగా తగ్గించారు. అంతకుముందే వచ్చిన రైజెన్ 5 3600లో 32 ఎంబీ ఉంటే ఇందులో 8 ఎంబీయే. నంబర్ పెద్దదని దీన్ని కొన్నవాళ్లు చాలామందే ఉన్నారు.

నాది ఐ7. కొత్త ఐ3 దానికంటే వేగమంటున్నారు, నిజమేనా?

నిజమే. ఐ3, ఐ5, ఐ7 అనేవి ఆ జనరేషన్ లోపల మెట్లు మాత్రమే. ఒక జనరేషన్ ఐ7ను ఇంకో జనరేషన్ ఐ3తో ఆ పేర్లను బట్టి పోల్చడం కుదరదు. ఐ7-4790, ఐ3-12100 రెండింటినీ పక్కపక్కన పెడితే, ఒక్క కోర్ మీద నడిచే పనిలో ఐ3 సుమారు ఒకటిన్నర రెట్లు వేగం. అన్ని కోర్లూ పనిచేసే చోట తేడా రెండు రెట్లకు దగ్గరగా వెళ్తుంది.

ఇలా ఎందుకైందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. 2011లో వచ్చిన ఐ7-2600కె నుంచి 2017 జనవరిలో వచ్చిన ఐ7-7700కె దాకా మామూలు డెస్క్‌టాప్ ఐ7 అంటే నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లే. ఏటా వేగం కొద్దికొద్దిగా పెరిగేది, అంతే. 2017 మార్చిలో ఏఎమ్‌డీ ఎనిమిది కోర్ల రైజెన్ 7ను దించాక పోటీ మొదలైంది. అదే ఏడాది అక్టోబర్‌లో ఆరు కోర్ల ఐ7-8700కె వచ్చింది. ఆ పోటీలో పాత ఐ7 సరుకు క్రమంగా ఐ3 మెట్టుకు దిగిపోయింది. కాబట్టి మీ ఐ7 చెడ్డదని కాదు. ఆ పేరుకున్న అర్థం మారిపోయింది.

రెండింటి గిగాహెర్ట్జ్ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడినుంచి వస్తుంది?

ఐ7-4790 గరిష్ఠంగా 4.0 గిగాహెర్ట్జ్, ఐ3-12100 గరిష్ఠంగా 4.3. ఈ లెక్కన ఏడెనిమిది శాతమే తేడా ఉండాలి. కానీ గిగాహెర్ట్జ్ అనేది సెకనుకు ఎన్ని టిక్కులో చెబుతుంది గానీ, ఒక్కో టిక్కుకు ఎంత పని జరుగుతుందో చెప్పదు. నిమిషానికి అన్నేసి సార్లే నీళ్లు తోడినా, చెంబుతో తోడేవాడికీ బిందెతో తోడేవాడికీ తొట్టి ఒకేసారి నిండదు కదా.

ఆ బిందె ఎలా పెద్దదైందో చూడండి. 4వ జనరేషన్ కోర్ ఒక టిక్కులో నాలుగు ఇన్‌స్ట్రక్షన్ల దాకా విడదీసి చదువుతుంది, 12వ జనరేషన్‌లోని పెద్ద కోర్ ఆరు చదువుతుంది. ముందున్నది ఆగిపోతే వెనకవాటిని వెతికి పని కానిచ్చే జాబితా పాతదాంట్లో 192 ఎంట్రీలు, కొత్తదాంట్లో 512. ఒక్కో కోర్ పక్కనే ఉండే ఎల్2 క్యాష్ 256 కేబీ నుంచి 1.25 ఎంబీకి, అందరూ పంచుకునే ఎల్3 క్యాష్ 8 నుంచి 12 ఎంబీకి పెరిగాయి. డేటా కోసం ర్యామ్ దాకా పరిగెత్తే అవసరం అంతమేరకు తగ్గింది.

ఇది ఇప్పటి కథ కూడా కాదు. 2004లో పెంటియమ్ 4 3.8 గిగాహెర్ట్జ్ దాకా వెళ్లింది. రెండేళ్ల తర్వాత 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2 డ్యుయో ఈ6600 వచ్చి దాన్ని తేలిగ్గా దాటేసింది.

కోర్లు ఎక్కువ ఉండాలా, ఒక్కో కోర్ వేగం ఎక్కువ ఉండాలా?

పని మీద ఆధారపడుతుంది. బ్రౌజర్‌లో పేజీ తెరుచుకోవడం, ఎక్సెల్‌లో మామూలు షీట్, ప్రోగ్రామ్ లోడ్ అవ్వడం, పాత గేమ్స్ లాంటివి ఒక్క కోర్ వేగాన్నే ఎక్కువ వాడుకుంటాయి. వీడియో ఎక్స్‌పోర్ట్, త్రీడీ రెండరింగ్, పెద్ద కోడ్ కంపైల్ చేయడం లాంటివి ఎన్ని కోర్లిస్తే అన్నీ వాడుకుంటాయి. 2012లో వచ్చిన ఏఎమ్‌డీ ఎఫ్‌ఎక్స్-8350 ఎనిమిది కోర్లతో 4 గిగాహెర్ట్జ్‌లో నడిచేది. కానీ ఒక్కో కోర్ బలహీనం కావడంతో గేమ్స్‌లో నాలుగు కోర్ల ఇంటెల్ ప్రాసెసర్ల వెనకే ఉండిపోయింది. అంకెలు చూసి మోసపోవడానికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

పీ-కోర్, ఈ-కోర్ అంటే?

పీ-కోర్ అంటే వేగంగా పనిచేసే పెద్ద కోర్. ఈ-కోర్ అంటే తక్కువ చోటు, తక్కువ కరెంట్‌తో సరిపెట్టుకునే చిన్న కోర్. ఇంటెల్ డెస్క్‌టాప్‌లో ఇవి 12వ జనరేషన్‌తో మొదలయ్యాయి. అందుకే ఐ5-13400ను "10 కోర్లు" అని రాసినా, వాటిలో పెద్దవి ఆరే. పాత ప్రాసెసర్ కోర్ల సంఖ్యతో పోల్చేటప్పుడు పీ-కోర్లు ఎన్నో విడిగా చూడండి.

నానోమీటర్లు ఎంత తక్కువైతే అంత మంచిదా?

ఒకే కంపెనీ పాత కొత్త తయారీ పద్ధతులను పోల్చడానికి కొంత పనికొస్తుంది, అంతకుమించి కాదు. ఆ సంఖ్య ఇప్పుడు చిప్ మీద దేని కొలతా కాదు, పేరు మాత్రమే. 12వ జనరేషన్ తయారైన "ఇంటెల్ 7" కూడా అంతకుముందు 10 నానోమీటర్ అని పిలిచిన పద్ధతికి మెరుగైన రూపమే. ప్రాసెసర్ ఎంచుకోవడానికి దీన్ని చూడనక్కర్లేదు.

కొన్నప్పుడు బాగానే ఉండేది. ప్రాసెసర్ కూడా అరిగిపోయి నెమ్మదిస్తుందా?

చిప్ అరిగి నెమ్మదించదు. దాని చుట్టూ ఉన్నవి మారతాయి. కూలర్ కింద థర్మల్ పేస్ట్ ఏళ్ల తరబడి ఎండి పెళుసుబారుతుంది, రెక్కల మధ్య దుమ్ము చేరుతుంది. వేడి పెరిగితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఇది పేస్ట్ మార్చి, దుమ్ము ఊదితే పోతుంది. రెండోది, బ్రౌజర్, వెబ్‌సైట్లు, ఆపరేటింగ్ సిస్టమ్ అన్నీ బరువెక్కాయి. మూడోది, 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే భద్రతా లోపాలు బయటపడ్డాక వేసిన ప్యాచ్‌ల వల్ల పాత ప్రాసెసర్లు కొన్ని పనుల్లో నిజంగానే కొంత వేగం కోల్పోయాయి. ఆ తర్వాత వచ్చినవాటిలో కొన్ని రక్షణలు చిప్‌లోనే పెట్టారు.

## పోల్చేటప్పుడు

బెంచ్‌మార్క్ (వేగ పరీక్షల) సైట్లలో ఏ నంబర్ చూడాలి?

సింగిల్ కోర్, మల్టీ కోర్ రెండూ విడివిడిగా చూడండి. రెండూ కలిపి ఇచ్చే ఒకే ఒక్క ర్యాంక్‌ను పట్టించుకోకండి. సినీబెంచ్ అనే పరీక్షలో ఆర్15, ఆర్20, ఆర్23, 2024 అని వేర్వేరు వెర్షన్లున్నాయి. ఒకదాని స్కోర్‌ను ఇంకోదాని స్కోర్‌తో పోల్చకూడదు. పాత ప్రాసెసర్ రివ్యూలోని ఆర్15 నంబర్‌నూ, కొత్తదాని ఆర్23 నంబర్‌నూ పక్కన పెట్టుకుని "పది రెట్లు వేగం" అనేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తుంటారు.

అన్నిటికంటే నమ్మదగింది మీరు వాడే ప్రోగ్రామ్‌లోనే చేసిన పరీక్ష. మీరు ఫొటోషాప్ వాడితే ఫొటోషాప్ ఫలితాలు చూడండి. బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్ స్కోర్ మీకెందుకు?

ఎంత తేడా ఉంటే చేతికి తెలుస్తుంది?

రోజువారీ పనిలో 10, 15 శాతం తేడా గ్రాఫ్‌లో తప్ప ఎక్కడా కనిపించదు. 50 శాతం దాటితే తెలుస్తుంది. అందుకే పక్క జనరేషన్‌కు మారడం డబ్బు దండగ అని నా అభిప్రాయం. నాలుగైదు జనరేషన్లు దాటితేనే మారినట్టు. గంటల తరబడి రెండర్ చేసేవాళ్ల లెక్క వేరు, వాళ్లకు 15 శాతం కూడా సమయమే.

గేమ్స్ కోసం ప్రాసెసర్ మార్చాలా, గ్రాఫిక్స్ కార్డ్ మార్చాలా?

గేమ్ నడుస్తుండగా గ్రాఫిక్స్ కార్డ్ వినియోగం చూడండి. అది 95 శాతం పైన ఉంటే కార్డే ఆపుతోంది, ప్రాసెసర్ మార్చినా ఫ్రేమ్స్ పెరగవు. కార్డ్ 60, 70 శాతంలోనే ఉండి ఫ్రేమ్స్ తక్కువొస్తుంటే, ఫ్రేమ్ పరిమితి ఏదీ పెట్టి లేకపోతే, ప్రాసెసరే అడ్డు. మొత్తం సీపీయూ వినియోగం 50 శాతమే చూపిస్తోందని ఊరుకోకండి. టాస్క్ మేనేజర్‌లో ఆ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లుగా మార్చి చూస్తే, మిగతావి ఖాళీగా ఉండి ఒకటి రెండు గళ్లు మాత్రం పైకప్పుకు అంటుకుపోయి ఉండొచ్చు. అవే గేమ్‌ను ఆపుతున్నవి.

రిజల్యూషన్ కూడా ముఖ్యమే. 1080పీలో ప్రాసెసర్ తేడా స్పష్టంగా తెలుస్తుంది. 4కేలో భారమంతా కార్డ్ మీదకే వెళ్తుంది కాబట్టి పాతదీ కొత్తదీ దగ్గరగా వస్తాయి. సగటు ఫ్రేమ్ రేట్ ఒక్కటే చూసినా సరిపోదు. రివ్యూల్లో "1 శాతం లో" అని ఇచ్చే సంఖ్య (అన్నిటికంటే నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్స్ వేగం) చూడండి, ఆట మధ్యలో తగిలే కుదుపులు అందులోనే బయటపడతాయి. నాలుగు కోర్ల పాత ప్రాసెసర్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. 2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5లోనే ఎనిమిది జెన్ 2 కోర్లున్నాయి. గేమ్స్ తయారయ్యేది అలాంటి హార్డ్‌వేర్‌ను దృష్టిలో పెట్టుకునే కదా.

గేమ్స్ మాత్రమే లక్ష్యమైతే ఏఎమ్‌డీ ఎక్స్3డీ రకాలు చూడండి. 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీలో చిప్ మీద ఇంకో పొరగా క్యాష్ పేర్చి ఎల్3ని 96 ఎంబీ చేశారు. గేమ్స్‌కు అది బాగా కలిసొస్తుంది, ఆఫీస్ పనికి దాదాపు ఏమీ కలిసిరాదు.

కొన్ని కొత్త గేమ్స్ నా పాత ప్రాసెసర్‌లో అసలు తెరుచుకోవట్లేదు. ఎందుకు?

ఏవీఎక్స్2 అనే ఇన్‌స్ట్రక్షన్ సెట్ లేకపోవడం ఒక కారణం కావచ్చు. ఇంటెల్‌లో అది 2013 నాటి 4వ జనరేషన్ కోర్ ప్రాసెసర్లతో వచ్చింది. 3వ జనరేషన్ ఐ7లోనూ, ఏఎమ్‌డీ ఎఫ్‌ఎక్స్-8350లోనూ లేదు. ఇది వేగం సమస్య కాదు కాబట్టి సెట్టింగ్స్ తగ్గించినా లాభం లేదు.

ఆఫీస్ పని, బ్రౌజింగ్, ఆన్‌లైన్ క్లాసులకు పాతది సరిపోదా?

సరిపోతుంది. ముందు మీ విండోస్ హార్డ్ డిస్క్ మీద ఉందో, ఎస్‌ఎస్‌డీ (వేగవంతమైన కొత్త రకం డిస్క్) మీద ఉందో చూడండి. కంప్యూటర్ ఆన్ చేయగానే టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, సీపీయూ 15 శాతం కనిపిస్తుంటే ప్రాసెసర్‌ది తప్పే కాదు. ఐ7-4790లాంటి దానికి సాటా ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ పెడితే ఈ పనులకు హాయిగా నడుస్తుంది. హార్డ్ డిస్క్‌తో నడిచే కొత్త కంప్యూటర్ కంటే ఇదే చురుగ్గా అనిపిస్తుంది. ప్రాసెసర్ మార్చాలని వచ్చేవాళ్లలో చాలామందికి నేను చెప్పే మాట ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి అనే.

యూట్యూబ్‌లో 4కే వీడియో పెట్టగానే ఫ్యాన్ గోల మొదలవుతుంది. ఇది ప్రాసెసర్ బలహీనతా?

బలహీనత కంటే వయసు సమస్య అనొచ్చు. వీడియోను విప్పే పనికి గ్రాఫిక్స్ భాగంలో ప్రత్యేక సర్క్యూట్ ఉంటుంది. అందులో లేని ఫార్మాట్ వస్తే ఆ పనంతా కోర్లు మోయాలి. ఐ7-4790 గ్రాఫిక్స్‌కు హెచ్.264 బాగా వచ్చు. యూట్యూబ్ ఎక్కువగా పంపేది వీపీ9, ఏవీ1. వీపీ9 పూర్తిగా 7వ జనరేషన్‌లో, ఏవీ1 డెస్క్‌టాప్‌లో 11వ జనరేషన్‌లో చేరాయి. ఐ3-12100లో రెండూ ఉన్నాయి, అందుకే అదే వీడియోకు అది నిశ్శబ్దంగా ఉంటుంది. పాతదాన్ని ఉంచుకోవాలనుకుంటే ఈ ఫార్మాట్లు తెలిసిన చిన్న గ్రాఫిక్స్ కార్డ్ పెట్టినా తీరుతుంది.

కొత్త ప్రాసెసర్ కరెంట్ ఎక్కువ తింటుందా?

మోడల్‌ను బట్టి. ఐ7-4790 మీద 84 వాట్లు అని ఉంటుంది. ఐ3-12100 బేస్ 60 వాట్లు, టర్బోలో గరిష్ఠంగా 89. పని త్వరగా ముగించి విశ్రాంతిలోకి వెళ్తుంది కాబట్టి అదే పనికి మొత్తం ఖర్చు తక్కువ. పైమెట్ల సంగతి వేరు. ఐ9-12900కె మీద 125 అని ఉన్నా గరిష్ఠం 241 వాట్లు. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్‌లో (బోర్డ్ మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) పట్టేవాటిలో 105 వాట్లు అని రాసినవి 142 దాకా లాగుతాయి. పెట్టె మీది అంకె చూసి కూలర్ కొనకండి.

## కొనే ముందు

విండోస్ 11 కోసం ప్రాసెసర్ మార్చక తప్పదా?

మైక్రోసాఫ్ట్ అధికారిక జాబితా, ఒకటీ అరా మినహాయింపులు పక్కన పెడితే, ఇంటెల్‌లో 8వ జనరేషన్ నుంచి, ఏఎమ్‌డీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి మొదలవుతుంది. దాంతోపాటు టీపీఎమ్ 2.0 అనే భద్రతా భాగం కూడా కావాలి. 2017 జనవరిలో కొన్న ఐ7-7700కె కూడా ఆ జాబితాలో లేదు, దాని యజమానుల కోపం న్యాయమైనదే. విండోస్ 10 మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అడ్డదారిలో విండోస్ 11 వేసుకునేవాళ్లున్నారు గానీ, అలా వేసుకున్నవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. బ్యాంకు పనులు, ఆఫీస్ ఫైళ్లు ఉండే కంప్యూటర్‌కు ఆ దారి నేను సూచించను. లైనక్స్ వాడగలిగితే ఈ టెన్షనే లేదు.

నా మదర్‌బోర్డ్ మీదే కొత్త ప్రాసెసర్ పెట్టుకోవచ్చా?

ఇంటెల్ అయితే చాలావరకు కుదరదు. 4వ జనరేషన్‌కు ఎల్‌జీఏ 1150 సాకెట్, 6 నుంచి 9 దాకా ఎల్‌జీఏ 1151, 10, 11కు ఎల్‌జీఏ 1200, 12 నుంచి 14 దాకా ఎల్‌జీఏ 1700, కోర్ అల్ట్రా 200కు ఎల్‌జీఏ 1851. వీటిలో 1151 మరీ చిక్కు. సాకెట్ పేరు ఒకటే అయినా 6, 7 జనరేషన్ల బోర్డులు 8, 9ని తీసుకోవు.

ఏఎమ్‌డీ ఏఎమ్4 ఉన్నవాళ్లు అదృష్టవంతులు. 2017లో రైజెన్ 5 1600 పెట్టుకున్న బి350 బోర్డ్‌లోనే బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే ముందు నడిచే బోర్డ్ సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి రైజెన్ 5000 పెట్టుకున్నవాళ్లు ఎందరో. కానీ ప్రతి బోర్డ్‌కూ ఆ బయోస్ రాలేదు. బోర్డ్ కంపెనీ సైట్‌లో మీ మోడల్ పేజీలో సీపీయూ సపోర్ట్ జాబితా చూశాకే డబ్బు తీయండి.

పాత ర్యామ్ కొత్త బోర్డ్‌కు పనికొస్తుందా?

డీడీఆర్3 అయితే ఇప్పటి ఏ బోర్డ్‌కూ పనికిరాదు. డీడీఆర్4 ఉంటే ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డులు దొరుకుతాయి, ఏఎమ్4 మొత్తం డీడీఆర్4యే. ఏఎమ్‌డీ కొత్త సాకెట్ ఏఎమ్5కూ, కోర్ అల్ట్రా 200కూ డీడీఆర్5 కావాలి.

అదే బోర్డ్‌లో పట్టే పాత ఐ7ను సెకండ్ హ్యాండ్‌లో కొంటే?

ఐ5-4460 నుంచి ఐ7-4790కు వెళ్తే నాలుగు థ్రెడ్లు ఎనిమిదవుతాయి, క్లాక్ 3.4 నుంచి 4.0కు పెరుగుతుంది. చవగ్గా దొరికితే సరే, ఇంకో రెండేళ్లు గడుస్తుంది. దానికోసం బడ్జెట్‌లో సగం పెట్టకండి, అక్కడితో ఆ బోర్డ్ దారి ముగుస్తుంది. ఏఎమ్4లో అయితే ఇదే పద్ధతి నిజంగా మంచి బేరం.

వాడిన ప్రాసెసర్ కొనడం ప్రమాదమా?

కంప్యూటర్ భాగాల్లో తక్కువగా పాడయ్యేది ప్రాసెసరే. బోర్డ్, ఎస్‌ఎమ్‌పీఎస్ (పవర్ సప్లై) ముందు పోతాయి. ఏఎమ్4 ప్రాసెసర్లకు పిన్నులు చిప్ కిందే ఉంటాయి కాబట్టి, వెలుతురులో పక్కనుంచి చూసి వరసలన్నీ నిటారుగా ఉన్నాయో లేదో గమనించండి.

ఒక మినహాయింపు ఉంది. ఇంటెల్ 13, 14వ జనరేషన్లలో ఎక్కువ కరెంట్ తీసుకునే మోడళ్లు అవసరానికి మించిన వోల్టేజ్ వల్ల క్రమంగా దెబ్బతినే సమస్య 2024లో బయటపడింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి మైక్రోకోడ్ (చిప్‌ను నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు వచ్చాయి, ఆ మోడళ్లకు కంపెనీ వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్‌డేట్ కొత్త నష్టాన్ని ఆపుతుంది గానీ, అప్పటికే జరిగినదాన్ని బాగుచేయదు. సెకండ్ హ్యాండ్ ఐ9-13900కె ఎదురైతే వారంటీ ఎంత మిగిలిందో అడగండి.

14వ జనరేషన్ ఐ3 దొరుకుతుంటే 12వది ఎందుకు?

ఐ3-12100, 13100, 14100 మూడింటికీ నాలుగు పీ-కోర్లే, 12 ఎంబీ క్యాషే. గరిష్ఠ క్లాక్ 4.3, 4.5, 4.7. అంతే తేడా. ఏది చవకైతే అది తీసుకోండి.

నా పాత గ్రాఫిక్స్ కార్డ్, ఎస్‌ఎమ్‌పీఎస్, క్యాబినెట్, కూలర్ అలాగే వాడుకోవచ్చా?

గ్రాఫిక్స్ కార్డ్ పనిచేస్తుంది. కార్డ్ బిగించే పీసీఐఈ స్లాట్ పాతదీ కొత్తదీ ఒకదానితో ఒకటి కలుస్తాయి. పాత బోర్డ్‌లో కొత్త కార్డ్ పెట్టినప్పుడే జాగ్రత్త. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగు లేన్లే (డేటా వెళ్లే దారులు) ఉంటాయి కాబట్టి పీసీఐఈ 3.0 బోర్డ్‌లో గట్టిగానే వేగం కోల్పోతుంది. ఇంటెల్ ఆర్క్ కార్డులకు బోర్డ్‌లో రీసైజబుల్ బార్ అనే సౌకర్యం లేకపోతే బాగా దెబ్బ.

కూలర్ విషయంలో ఎల్‌జీఏ 1150, 1151, 1200లకు రంధ్రాల దూరం ఒకటే, 75 మిల్లీమీటర్లు. 1700లో అది 78. కొత్త బ్రాకెట్ లేకుండా బలవంతంగా బిగించకండి. పేరున్న కంపెనీల రెడీమేడ్ డెస్క్‌టాప్‌లలో బోర్డ్ కొలత, పవర్ కనెక్టర్ ఆ కంపెనీకే ప్రత్యేకంగా ఉండొచ్చు. అలాంటప్పుడు క్యాబినెట్, ఎస్‌ఎమ్‌పీఎస్ కూడా ఖర్చులో కలుపుకోవాలి.

## మార్చేటప్పుడు

బయోస్ ఎప్పుడు అప్‌డేట్ చేయాలి?

అదే బోర్డ్ ఉంచుకుంటే, పాత ప్రాసెసర్ తీయకముందే. కొత్తది పెట్టాక తెర నల్లగా ఉండిపోతే, అప్‌డేట్ కోసం పాతదాన్ని మళ్లీ బిగించాల్సి వస్తుంది. బోర్డ్ వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే మాత్రం ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో చేసుకోవచ్చు.

పాతది తీసేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

ఏఎమ్4లో కూలర్‌ను నిలువుగా లాగకండి. పేస్ట్ గట్టిపడి ఉంటే లాక్ వేసి ఉన్నా సరే, ప్రాసెసర్ కూలర్‌కు అంటుకుని సాకెట్‌లోంచి ఊడి వస్తుంది, పిన్నులు వంగుతాయి. కంప్యూటర్‌ను పది నిమిషాలు నడిపి వేడెక్కనిచ్చి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పండి. జిగురు వదిలినట్టు చేతికి తెలుస్తుంది. అప్పుడు ఎత్తండి. ఇంటెల్‌లో పిన్నులు బోర్డ్ సాకెట్‌లో ఉంటాయి. వాటి మీద వేలుగానీ స్క్రూ గానీ పడనివ్వకండి, ఒక్క పిన్ను వంగినా ర్యామ్ స్లాట్ ఒకటి పనిచేయకుండా పోవచ్చు.

విండోస్ మళ్లీ వేయాలా?

ప్రాసెసర్ ఒక్కటే మారితే అక్కర్లేదు. బోర్డ్ కూడా మారితే కొత్తగా వేయడమే మంచిది. పాత విండోస్ లెగసీ అనే పాత బూట్ పద్ధతిలో వేసి ఉంటే, యూఈఎఫ్‌ఐ అనే కొత్త పద్ధతి మాత్రమే అర్థమయ్యే కొత్త బోర్డ్‌లో బూట్ కాదు. బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళం వేసే విండోస్ సౌకర్యం) ఆన్‌లో ఉంటే రికవరీ కీ ముందే కాగితం మీద రాసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, కీ లేకపోతే ఫైళ్లు పోయినట్టే.

## మార్చిన తర్వాత

ఇంత ఖర్చుపెట్టి మార్చాను, తేడా ఏం కనిపించట్లేదు. ఎక్కడ పొరపాటు?

ముందు ర్యామ్ చూడండి. 3200 అని కొన్న డీడీఆర్4 స్టిక్కులు బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ అనే ర్యామ్ వేగం సెట్టింగ్ ఆన్ చేయకపోతే తరచుగా 2133లోనో 2400లోనో నడుస్తుంటాయి. రెండు స్టిక్కులున్నా పక్కపక్క స్లాట్లలో పెడితే సింగిల్ చానల్‌గానే (రెండు దారులకు బదులు ఒకే దారిలో) పనిచేయొచ్చు. నాలుగు స్లాట్ల బోర్డ్‌లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది, నాలుగోది వాడాలి. తర్వాత మానిటర్ కేబుల్. గ్రాఫిక్స్ కార్డ్ ఉండగా కేబుల్ బోర్డ్‌కు పెట్టినవాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువే. ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా విండోస్ పాత హార్డ్ డిస్క్ మీదే ఉంటే, తేడా కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

టెంపరేచర్ 90 డిగ్రీలు దాటుతోంది, కాలిపోతుందా?

కాలిపోదు. రైజెన్ 5 7600ఎక్స్ లాంటివి గట్టి పనిలో 95 డిగ్రీల దాకా వెళ్లేలానే తయారయ్యాయి, అక్కడినుంచి తమను తామే అదుపు చేసుకుంటాయి. ఊరికే ఉన్నప్పుడు కూడా 70, 80 చూపిస్తుంటే మాత్రం కూలర్ సరిగ్గా కూర్చోలేదు, లేదా దాని అడుగున ఉన్న ప్లాస్టిక్ పొర తీయడం మరిచిపోయారు.

పాత ప్రాసెసర్, బోర్డ్ ఏం చేసుకోవాలి?

అమ్మేస్తే ప్రాసెసర్, బోర్డ్, ర్యామ్ మూడూ కలిపి అమ్మండి, డీడీఆర్3ను విడిగా ఎవరూ అడగరు. ఇంట్లో ఉంచుకుంటే లైనక్స్ వేసి ఫైల్ సర్వర్‌గానో, బ్యాకప్‌కో వాడుకోవచ్చు. కాకపోతే రోజంతా ఆన్‌లో ఉండే పనికి పాత డెస్క్‌టాప్ ఊరికే ఉన్నా కరెంట్ లాగుతూనే ఉంటుంది. వారానికోసారి ఆన్ చేసి బ్యాకప్ తీసుకుని ఆపేసే పనికైతే ఐ7-4790 ఇప్పటికీ చక్కగా సరిపోతుంది.